అరవై నాలుగో నంబరు చీటీ

నంద్యాల స్టేషన్ రోడ్డులో అమీర్‌బీ సైకిల్ స్టాండు అంటే ఎవరైనా చూపిస్తారు. పేరుకు సైకిల్ స్టాండే గానీ అక్కడికి వచ్చే సైకిళ్లు ఇప్పుడు రోజుకు నాలుగో ఐదో. మిగతావన్నీ మోటారు బండ్లు. పొద్దున గిద్దలూరు వైపు రైలు అందుకునేవాళ్లు, కర్నూలు బస్సెక్కే గుమాస్తాలు, ఆస్పత్రి పనిమీద వచ్చే పల్లె జనం అక్కడ బండి నిలబెట్టి, చీటీ జేబులో వేసుకుని పరుగున పోతారు. ముప్పై ఏళ్ల కిందట అమీర్‌బీ భర్త మదార్ మున్సిపాలిటీ ఖాళీ జాగాలో రేకులు వేసి ఆ స్టాండు పెట్టాడు. మూడేళ్ల కిందట అతను పోయాక ఆమె ఒక్కతే దాన్ని చూసుకుంటోంది. ఆమెకు చదువు రాదు. అంకెలు మాత్రం వచ్చు.

మార్చి నెలలో ఒకరోజు మున్సిపల్ ఆఫీసు నుంచి గాయత్రి అనే ఆఫీసరు వచ్చింది. ముప్పై ఏళ్లు కూడా ఉండవు. వెంట టేపు పట్టుకున్న మనిషి ఒకడు. స్టాండును ఈ మూల నుంచి ఆ మూలకు కొలిపించి, రేకు నీడలో స్టూలు మీద కూర్చుని విషయం చెప్పింది.

"అమ్మా, బజారంతా బండ్లతో నిండిపోతాంది. పోయిన నెల ఒక అంబులెన్సు గంటసేపు ఇరుక్కునింది. అందుకని కొత్త పద్ధతి పెడతాండాం. రోడ్డు మీద గీతలు గీసి, బండి యాడ పెట్టాలో ఆడనే పెట్టిస్తాం. మొదటి అరగంట ఊరికే. ఆ తర్వాత గంటకింత అని మిషను చీటీ. దానికి పెద్ద జాగా కావాల. ఈ జాగా మాకు కావాల."

అమీర్‌బీ కొంగు సర్దుకుంది. ఈ మాట ఎప్పుడో ఒకప్పుడు వస్తుందని ఆమెకు తెలుసు.

"జాగా మీదే గదమ్మా. నన్నడిగేదేముంది."

"అడగాల్సిందే. పదిహేను దినాల్లో మీటింగు పెడతారు. నువ్వొచ్చి చెప్పుకోవచ్చు. ఈలోపల ఒక పని చెయ్యి. ఎవరూ తీసుకుపోని బండ్లు ఈడ ఉంటే, వాటి లెక్క నాకియ్యి. ఓనర్లు దొరికితే ఇచ్చేస్తాం. దొరక్కపోతే వేలం వేస్తారు."

అలాంటివి ఏడు బండ్లున్నాయి. గాయత్రి వాటి నంబర్లు రాసుకుని పోయింది. నాలుగు రోజుల్లో ఆరింటి సంగతి తేలింది. అప్పుకు భయపడి ఫైనాన్సువాళ్ల కంటపడకుండా దాచినవి నాలుగు. అన్నదమ్ముల తగాదాలో ఆగిపోయినవి రెండు. ఏడోది గోడవారగా పట్ట కప్పి ఉన్న నల్ల బండి. రిజిస్టరు ప్రకారం అది కొలిమిగుండ్ల మనిషిది. ఫోను చేస్తే, నేనెప్పుడో ఒక బ్రోకరుకు అమ్మేసినా, ఆ బ్రోకరు కూడా ఇప్పుడు లేడు అన్నాడు.

"ఇది వేలానికే పోతుందమ్మా," అంది గాయత్రి.

ఆ మధ్యాహ్నం జనం పలచబడ్డాక అమీర్‌బీ పట్ట తీసింది. టైర్లు రెండూ నేలకు అతుక్కుపోయాయి. హ్యాండిల్‌కు ఒక అట్టముక్క దారంతో కట్టి ఉంది. మదార్ చేత్తో రాసిన అంకె, అరవై నాలుగు. చెప్పుల పెట్టెల అట్టలు కత్తిరించి, ఒకే అంకె రెండు ముక్కల మీద రాసి, ఒకటి బండికి కట్టి ఒకటి మనిషికిచ్చేవాడు మదార్. అతను పోయాక ఆమె ప్లాస్టిక్ బిళ్లలు కొనుక్కుంది. కాబట్టి ఈ బండి మదార్ చేతి మీద వచ్చినదే.

మూడేళ్లలో ఆమె ఆ బండిని చూడక కాదు. దుమ్ము ఎక్కువైతే పట్ట కప్పింది కూడా. కానీ ఎవరిదని వెతకలేదు. "బండి ఎందుకు పెట్టినావని మనం అడగకూడదు. చీటీ ఉందా, బండి ఇయ్యాల. అంతే" అనేవాడు మదార్. ఇదీ ఏ అప్పులవాడిదో అనుకుంది. స్టాండు ఆమె చేతికి వచ్చేనాటికి ఇల్లు చావుఇల్లుగా ఉంది. ఆలోచించే తెరిపి లేదు.

ట్యాంకు మీద రెక్జిన్ కవరు ఉంది. దాని జిప్పు తుప్పు పట్టి కదల్లేదు. కొడవలి మొనతో కోసి చూసింది. లోపల చిన్న కాగితపు సంచి. అందులో పాస్‌పోర్టు సైజు ఫోటోలు నాలుగు. అన్నీ ఒకే పాపవి. ఐదేళ్లుంటాయేమో. రెండు జడలు, కళ్లకు కాటుక, నవ్వమంటే నవ్వు ఆపుకుంటున్న మొహం.

సంచి తీసుకుపోయి పక్కనున్న టీ అంగడివాడిచేత చదివించుకుంది. ఆళ్లగడ్డలోని ఒక ఫోటో స్టూడియో పేరు ఉందన్నాడు. కింద పెన్నుతో తేదీ ఉందన్నాడు. ఏప్రిల్ పదకొండు.

అమీర్‌బీ అక్కడే బల్ల మీద కూలబడింది. మదార్‌కు పక్షవాతం వచ్చింది ఏప్రిల్ పన్నెండు మధ్యాహ్నం. పొద్దునంతా చీటీలిచ్చి, పన్నెండింటికి అన్నం తినడానికి చెయ్యి కడుక్కోబోతూ పడిపోయాడు. మళ్లీ మాట రాలేదు. తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఆమె వైపు చూస్తూ ఏదో చెప్పబోయి, చెప్పలేకనే పోయాడు.

మర్నాడు స్టాండు టీ అంగడివాడికి అప్పగించి ఆమె ఆళ్లగడ్డ బస్సెక్కింది.

స్టూడియో యజమాని క్రాంతి కుమార్ ఫోటోలు చూడగానే గుర్తుపట్టాడు.

"ఈ పాప సిరి గదమ్మా. అహోబిలం రోడ్డులో ఉండే రామయ్య మనమరాలు. ఇప్పుడు మూడో తరగతి చదువుతాంది. ఇవి నీకెట్ల వచ్చినాయి?"

ఆమె బండి సంగతి చెప్పింది. అతని మొహం మారిపోయింది. లేచి, అంగడిలో ఇంకెవరూ లేకపోయినా గొంతు తగ్గించాడు.

"పాప నాయన సురేష్ మూడేండ్ల నుంచి యాడుండాడో తెల్దు. బెంగళూరని కొందరు, ఇంగో పెండ్లి చేసుకున్యాడని కొందరు. పెండ్లాంతో పడక పోయినాడని ఊర్లో అంటారు. ఆ పెండ్లాం లావణ్య ఎవురితోనూ మాట్లాడదు. బడికాడ వంట చేస్తాది, ఇంటికి పోతాది. నువ్వు పోయి చెప్పు గానీ, జాగ్రత్తగా చెప్పు."

రామయ్య ఇంటి ముందు మంచం మీద కూర్చుని వేపపుల్ల చెక్కుతున్నాడు. డెబ్బైకి దగ్గర మనిషి. నాలుగెకరాల మాగాణి ఉన్న రైతు. భార్య పోయి చాలాకాలమైంది. సురేష్ ఒక్కడే కొడుకు. అమీర్‌బీ బండి నంబరు చెప్పగానే అతను పుల్ల పక్కన పెట్టాడు.

"ఆ బండి నీకాడ ఎట్ల ఉండాది? వాడు అమ్ముకోని పోయినాడు గదా."

"అమ్మలేదన్నా. మా స్టాండులోనే ఉండాది. మూడేండ్లాయ."

"మూడేండ్ల నుంచి నోరు మూసుకోని ఇప్పుడొచ్చినావా?"

ఆ మాటకు లోపలినుంచి లావణ్య వచ్చింది. ముప్పై లోపు వయసు. చేతులకు పిండి అంటి ఉంది. నుదుటన ఎర్రటి బొట్టు. అమీర్‌బీ సంచి ఆమెకు అందించింది. లావణ్య ఒక ఫోటో బయటికి తీసి, పిండి చేతుల్తోనే పట్టుకుని నిలబడిపోయింది.

"పాపను బళ్లో చేర్పించాలని తీపిచ్చినాడు," అంది చివరికి. "ముందురోజు మాపున తెచ్చినాడు. రేపు అప్లికేషను పెడదామన్యాడు. మర్సనాడు పొద్దన్నే మామకూ ఆయనకూ మాట మాట వచ్చింది. వరి వద్దు, బొప్పాయి పెడదాం, డ్రిప్పు వేపిద్దాం అంటాడు ఆయన. మామ ఒప్పుకోల్యా. కంభంలో దోస్తు తోట ఉండాది, చూసొస్తానని నాతో చెప్పి పోయినాడు."

"చెప్పిన మాట అబద్ధం," అన్నాడు రామయ్య. "కంభానికి ఫోన్ చేస్తే ఆడికి రాలేదన్యారు. ఘాటు రోడ్డంతా వెతికించినా. బండి పడిన జాడ కూడా లేదు. పోయేటోడు చెప్పి పోతాడా?"

లావణ్య అతని వైపు చూడలేదు. అమీర్‌బీకి దగ్గరగా వచ్చింది.

"అమ్మా, నంద్యాల్లో బండి పెట్టినాడంటే కంభం రైలెక్కినాడు. చీటీ ఎన్నాళ్లకని తీసుకున్యాడు?"

"అట్టముక్క చీటీ ఒక్క దినానికేమ్మా. నెలలెక్కన పెట్టుకునేటోళ్లకు మా ఆయన రేకుబిళ్ల ఇచ్చేటోడు."

"ఒక్క దినానికే?"

"ఒక్క దినానికే."

లావణ్య గడప మీద కూర్చుంది. ఎవరినీ ఉద్దేశించకుండా మెల్లగా అంది.

"అయితే మాపుకు ఇంటికొచ్చేటోడే."

ఆ మాటలో మొదట కొంచెం తేలికపడిన గొంతు వినిపించింది అమీర్‌బీకి. వదిలేసి పోలేదు. మూడేళ్లు ఊరంతా అన్న మాట నిజం కాదు. కానీ అంతలోనే ఆ మాటకున్న రెండో అర్థం లావణ్యకు తట్టింది. ఇంటికొచ్చేవాడు రాలేదంటే రాలేకపోయాడని. ఆమె ఫోటో ఒళ్లో పెట్టుకుని, పిండి చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చింది. రామయ్య మంచం మీదినుంచి లేవబోయి మళ్లీ కూర్చున్నాడు.

"పోలీసులకు చెప్పినారా అన్నా?" అని అడిగింది అమీర్‌బీ.

అతను తల అడ్డంగా తిప్పాడు. "నాలుగు దినాల్లో కోపం తగ్గి వస్తాడనుకున్యా. మల్ల, కొడుకు పెండ్లాంబిడ్డల్ని ఇడిసిపెట్టి పోయినాడని స్టేషన్లో రాపిచ్చేది ఎట్ల అనుకున్యా."

మర్నాడు ముగ్గురూ నంద్యాలలో గాయత్రి ఆఫీసుకు వెళ్లారు. ఆమె సాంతం విని, చేతిలో పని పక్కన పెట్టి, తానే వాళ్లను రైల్వే పోలీసుల దగ్గరికి తీసుకుపోయింది. అక్కడి ఏఎస్సై మూడేళ్ల కిందటి రిజిస్టరు తీయించాడు. ఏప్రిల్ పన్నెండు. చలమ, దిగువమెట్ట స్టేషన్ల మధ్య అడవిలో, పట్టాల పక్కన మగమనిషి శవం. వయసు ముప్పై, ముప్పై ఐదు. నడుస్తున్న రైల్లోంచి పడినట్టు గుర్తులు. టికెట్టు లేదు, ఫోను లేదు. పేపర్లో ప్రకటన ఇచ్చారు. ఎవరూ రాలేదు. గిద్దలూరులో పూడ్చిపెట్టారు.

ఏఎస్సై ఒక గోధుమరంగు కవరు తెరిచి అందులోవి బల్ల మీద పెట్టాడు. నీలం గీతల చొక్కా ముక్క. నల్లదారం మొలతాడు. ఒక అట్టముక్క.

"ఇది ప్యాంటు చిన్న జేబులో దొరికింది," అన్నాడు. "అరవై నాలుగు అని ఒక్కటే ఉంది. దీన్ని పట్టుకుని ఎక్కడని వెతికేది? ఇంటి నంబరు అనుకున్నాం, గోడౌన్ బస్తాల టోకెన్ అనుకున్నాం. ఏ ఊరిదో తెలిస్తే ఒక పూటలో దొరికేది."

అమీర్‌బీ ఆ అట్టముక్కను చూసింది. ఆరు అంకె పొట్టను మదార్ ఎప్పుడూ సగమే చుట్టేవాడు. ఆమె గోడకు చెయ్యి ఆనించి నిలబడింది. లావణ్య చొక్కా ముక్కను వేళ్లతో తడుముతోంది. ఈసారి ఏడవలేదు. "నేనే కుట్టినా ఈ గుండీ," అంది. "నల్లదారం లేకుంటే తెల్లదారంతో కుట్టినా."

ఆ వారంలోనే గిద్దలూరు పోయారు. అమీర్‌బీ తానూ వస్తానంది. వద్దని రామయ్య అనలేదు. ఊరి బయట శ్మశానంలో ఓ మూల, పేరులేని శవాలను పూడ్చే చోటు. కాపలా మనిషి పుల్లతో ముళ్లకంప పక్కకు జరిపి చూపించాడు.

"ఈ వరసేనమ్మా. ఇదా, దీని పక్కదా అనేది ఖచ్చితంగా చెప్పలేను. ఆ ఏడాది వానలకు గుర్తులు కొట్టుకుపోయినాయి."

లావణ్య తెచ్చిన పూలను రెండు భాగాలు చేసింది. ఒకటి ఈ గుంత మీద, ఒకటి ఆ గుంత మీద పెట్టింది. కొబ్బరికాయ కొట్టాలంటే ఎక్కడ కొట్టాలో తెలియక రెంటికీ నడుమ కొట్టింది. రామయ్య మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని, పెద్దగా ఏడ్చాడు.

"నేనే గదమ్మా. పరువు పరువనుకోని కంప్లైంటు ఇయ్యకపోతి. ఆ దినమే ఇచ్చింటే నా కొడుకును నేను కాల్చుకోనింటి. నిన్ను అన్యాయంగా అంటి. నీ వల్లనే పోయినాడంటి."

లావణ్య విన్నది. అతన్ని లేపడానికి చెయ్యి ఇవ్వలేదు. కాపలా మనిషే భుజం పట్టి లేపాడు. అమీర్‌బీ కొంచెం దూరంగా, తలమీద కొంగు కప్పుకుని, రెండు చేతులూ పైకి చాచి తనకు వచ్చిన దువా చదువుకుంది. తిరుగు దారిలో రైల్లో, అడవి మొదలైనప్పటినుంచి లావణ్య కిటికీ వైపు చూడకుండా కళ్లు మూసుకుని కూర్చుంది.

మీటింగు రోజు వచ్చింది. మున్సిపల్ ఆఫీసు మేడమీది హాలు నిండా మనుషులు. బట్టల అంగళ్లవాళ్లు మొదటి అరగంట చాలదు, గంట ఊరికే ఇవ్వాలన్నారు. ఆటోవాళ్లు మా నిలుపుడు జాగా మీద గీతలు గీస్తే ఊరుకోమన్నారు. ఒక కాలేజీ లెక్చరరు సైకిళ్లకు అసలు రుసుము వద్దని చెప్పాడు. గాయత్రి అన్నీ రాసుకుంటోంది. చివరికి, "స్టేషన్ రోడ్డు స్టాండు నడిపే ఆమె ఉందా?" అని పిలిచింది.

అమీర్‌బీ లేచింది. అందరూ ఆమె తన స్టాండు కోసం బతిమాలుకుంటుందనే అనుకున్నారు. కొందరు జాలిగా చూశారు కూడా.

"అయ్యా, అమ్మా," అంది. "మీరు మిషను పెడతారంట. మంచిదే. బజారులో నడిచేదానికి దారి లేదు, నాకూ తెలుసు. నేనడిగేది ఒక్కటే. ఆ మిషను చీటీ మీద ఊరి పేరు వెయ్యండి. స్టాండు పేరు వెయ్యండి. ఒక ఫోన్ నంబరు వెయ్యండి. నా మొగుడు ఇరవై ఏడేండ్లు ఒట్టి అంకె రాసిచ్చినాడు. ఆ అంకె జేబులో పెట్టుకోని ఒక పిల్లోడు అడివిలో పడి సచ్చిపోతే, అది ఏ ఊరి అంకెనో ఎవురికీ తెలియకపాయ. దిక్కులేని శవమని పూడ్చినారు. వాని పెండ్లాం ముప్పై మైళ్ల దూరంలో మూడేండ్లు ఎదురుచూసింది."

గాయత్రి ఆ మాట రాసుకుంది.

"ఇంగొకటి. ఏడు దినాలు దాటినా బండి కదలకుంటే, అది ఎవురిదో ఇచారించాలని రూలు పెట్టండి. వేలం వేసేదానికి కాదు. మనిషి యాడికి పోయినాడో అడిగేదానికి. నేను అడగలేదు. మూడేండ్లు ఆ బండి పక్కనే కూసోని అన్నం తిన్యా. ఏ అప్పులోడిదో అనుకున్యా. అది నా తప్పు. ఇంగెవురూ ఆ తప్పు చెయ్యకూడదు."

"నీ స్టాండు గురించి ఏమన్నా చెప్పుకుంటావా అమ్మా?" అని వేదిక మీద కూర్చున్న పెద్దాయన అడిగాడు.

"జాగా మీదే గదయ్యా," అని ఆమె కూర్చుంది.

నెలాఖరుకు కొత్త నిబంధనలు అచ్చయ్యాయి. గాయత్రి స్టాండుకు వచ్చి చదివి వినిపించింది. చీటీ మీద ఊరి పేరు, స్టాండు పేరు, ఫోను నంబరు ఉండాలి. వారం దాటిన బండి ఇంజను నంబరుతో సహా పోలీసులకు తెలపాలి. ఓనరు ఇంటికి కబురు వెళ్లాలి. రెండూ వచ్చాయి. అమీర్‌బీకి కొత్త స్టాండులో పని ఇప్పించాలని కూడా గాయత్రి ప్రయత్నించింది. మిషను పట్టుకునేవాళ్లకు చదువు రావాలని కాంట్రాక్టరు ఒప్పుకోలేదు.

"చాలా మాట్లాడినానమ్మా. కుదరలేదు," అంది గాయత్రి తలదించుకుని.

"రాసినావు గదమ్మా ఆ రెండు మాటలు. చాలు," అంది అమీర్‌బీ. కానీ గాయత్రి పోయాక రేకుల కింద నిలబడి, నూనె మరకలు పడిన ఆ నేలను చూస్తే ఆమెకు దుఃఖం ఆగలేదు. మదార్‌తో పెండ్లయిన కొత్తలో ఆ జాగాలోని రాళ్లు ఆమే ఏరిపోసింది. ఆమె బిడ్డ ఖుష్బూ నడక నేర్చుకున్నది ఈ బండ్ల సందుల్లోనే. బిడ్డ ఇప్పుడు శిరివెళ్లలో కాపురం చేస్తోంది. అమ్మా, ఇంక ఒక్కదానివే ఎందుకు, వచ్చెయ్యమని వారం నుంచి ఫోన్లు చేస్తోంది.

స్టాండు ఆఖరి రోజు రామయ్య, లావణ్య, సిరి వచ్చారు. పోలీసుల కాగితాల పని అప్పటికి పూర్తయింది. బండి నడిచే స్థితిలో లేదు. ట్రాలీ ఆటో ఒకటి మాట్లాడి, నలుగురు పట్టి దాన్ని ఎక్కించారు. టైర్లు అతుక్కున్న చోట నేల మీద రెండు నల్లటి మచ్చలు మిగిలాయి. సిరి అక్కడికి పోయి నిలబడింది. ఫోటోలోని పాప ఇప్పుడు పొడుగైంది. ఒకటే జడ. కాటుక లేదు.

"నాయన బండి ఈడ్నే పెట్టినాడా?" అని అమీర్‌బీని అడిగింది.

"ఈడ్నేమ్మా."

"నవ్వుతా పెట్టినాడా, కోపంగా పెట్టినాడా?"

ఆ పొద్దున సురేష్‌ను చూసినవాడు మదార్ ఒక్కడే. మదార్ చెప్పకుండానే పోయాడు. పాప జవాబు కోసం అలాగే చూస్తోంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు ఆమెకు.

"నేను చూల్యా తల్లీ. నేను ఆ దినం ఈడ లేను."

సిరి సరేనన్నట్టు తలూపింది. రామయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు. గిద్దలూరునుంచి వచ్చాక అతను సగమైపోయాడు. లావణ్య ఇంట్లో అతనికి అన్నం పెడుతుంది, మాత్రలిస్తుంది. మాట మాత్రం అవసరమున్నంతవరకే. ఆమె నుదుటన బొట్టు లేదు. నుదురు కొత్తగా, ఎవరో వేరే మనిషిదిలా కనబడుతోంది.

"మీరు యాడికి పోతారమ్మా ఇంగ?" అని అడిగింది లావణ్య.

"శిరివెళ్లకు. బిడ్డ ఇంటికి."

"మా బస్సు శిరివెళ్ల మీదనే గదా పోయేది. మాతోనే రాండి."

అమీర్‌బీ బట్టల మూట తెచ్చుకుంది. రేకుల షెడ్డుకు వేయడానికి తలుపూ లేదు, తాళమూ లేదు. ఊరికే నాలుగు అడుగులు వేసి రోడ్డు దాటింది.

బస్సులో రామయ్య ముందు సీట్లో ఒక్కడే కూర్చున్నాడు. లావణ్య కిటికీ పక్కన, ఆమె పక్కన సిరి, ఆ పక్కన అమీర్‌బీ. ఊరు దాటేసరికి ఎండకు, కుదుపుకు పాప కళ్లు మూతలు పడ్డాయి. మొదట అమీర్‌బీ భుజానికి ఆనింది. తర్వాత జారి ఆమె ఒళ్లో తల పెట్టి పడుకుంది. కోతలైన పొలాల మీద ధూళి లేస్తోంది. అమీర్‌బీ పాప మొహం మీద ఎండ పడకుండా కొంగు అడ్డం పెట్టింది.

"ఆయన మంచోడమ్మా," అంది లావణ్య ఉన్నట్టుండి, కిటికీలోంచి చూస్తూనే. "కోపం వచ్చేది గానీ, మాపుకు ఇంటికి రాకుండా ఎన్నడూ లేడు. ఈ మూడేండ్లు నాకూ అనుమానం వచ్చింది. అందరూ అంటా ఉంటే నేనూ నమ్మినా. రేత్రిళ్లు తిట్టుకున్యా కూడా. అది తలుచుకుంటేనే..."

మాట పూర్తి కాలేదు. అమీర్‌బీ సిరి తల మీదుగా చెయ్యి చాచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"శిరివెళ్ల! శిరివెళ్ల దిగేటోళ్లు బేగా రావాల!" అని కండక్టరు అరిచాడు.

లావణ్య పాపను లేపబోయింది. అమీర్‌బీ వద్దని చెయ్యి అడ్డం పెట్టింది. పాప నిద్రలో ఆమె చీర కుచ్చిళ్లు గుప్పిట పట్టుకుని ఉంది.

"పండుకోనీ. మాపుకు ఇంగో బస్సు ఉంటాది," అంది.

దిగేవాళ్లు దిగారు. ఎక్కేవాళ్లు ఎక్కారు. రామయ్య వెనక్కి తిరిగి ఒకసారి చూసి, కండక్టరును పిలిచి ఆమెకు ఆళ్లగడ్డకు టికెట్టు తీసుకున్నాడు. బస్సు కదిలింది.